లారీ రిపేరుకి కంపెనీ లాగిన్ కావాలంట, ఆటోనగర్ మెకానిక్ ఏం చెయ్యాలి?

సంపాదకుడు గారికి నమస్కారమండీ,

కంప్యూటర్లొచ్చి ఉద్యోగాలు పోతున్నాయని పేపర్లో రోజూ ఏదో ఒకటి చదువుతూనే ఉన్నాం, కానీ అవన్నీ హైదరాబాద్, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేసే పిల్లల గురించే. మా విజయవాడ ఆటోనగర్‌లో గ్రీజు చేతులతో బతికేవాళ్ళ సంగతి ఎవరూ రాయట్లేదు. నాకు ఇక్కడ లారీ ఇంజన్ల వర్క్‌షాపు ఉంది, మా నాన్నగారి కాలం నుంచీ ఇదే పని, అందుకే రాస్తున్నా.

2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండి ఏదైనా బీఎస్-6, అంటే పొగ తక్కువ వదలాలనే గవర్నమెంట్ రూలుకి తగ్గట్టు, అయ్యుండాలన్నారు. మంచిదే, బెంజి సర్కిల్లో సాయంత్రం పూట కాసేపు నిలబడితే పొగ ఎందుకు తగ్గాలో ఎవరికైనా తెలుస్తుంది. అయితే ఈ బండ్లలో ఇంజన్ని నడిపించేది ఈసీయూ అనే చిన్న కంప్యూటరు. సైలెన్సర్ వైపు పొగలో విషవాయువుని కొలిచే నాక్స్ సెన్సర్లు, మసి పట్టే ఫిల్టరు, ఆ వాయువు తగ్గడానికి పొగలోకి యూరియా నీళ్ళు కొట్టే సిస్టము, వీటిల్లో ఏది తేడా చేసినా డాష్‌బోర్డు మీద లైటు వెలుగుద్ది, పట్టించుకోకపోతే ఈసీయూనే ఇంజన్ పవర్ తగ్గించేస్తుంది, ఇక లోడు మీదున్న బండి ఈడ్చుకుంటా పోవడమే.

పాత బండికైతే డీజిల్ పంపు మేస్త్రి వచ్చి, ఇంజన్ ఆన్‌లో పెట్టి, ఒక్కో సిలిండర్ పైపు నట్టు కొంచెం లూజు చేసి సౌండు వినేవాడు, ఏ నట్టు లూజు చేసినప్పుడు సౌండు మారదో ఆ సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ దెబ్బతిన్నట్టు. పది నిమిషాల్లో తేల్చేసేవాడు. అది చదువుకుంటే వచ్చే విద్య కాదండీ, ఏళ్ళ తరబడి చెవి పెట్టి నేర్చుకున్నది. ఇప్పుడు కామన్ రైల్ ఇంజన్లో, అంటే అన్ని సిలిండర్లకీ ఒకే పైపులోంచి డీజిల్ అందే ఇంజన్లో, ప్రెజరు వెయ్యి బార్ పైదాకా పోద్ది, నడిచే ఇంజన్ మీద ఆ నట్టు కదిలిస్తే చెయ్యి పోద్ది. ఈసీయూలో ఏముందో చదివే స్కానర్ పెట్టాల్సిందే. సరే, స్కానర్ కూడా కొన్నాం, ఎర్రర్ కోడ్ చూపిస్తుంది, పార్టు మార్చేస్తాం, కానీ కొత్త ఇంజెక్టర్ (ఈ ఇంజన్లలో డీజిల్ చిమ్మేది) వేస్తే దాని మీదున్న కోడ్ ఈసీయూలో ఎక్కించాలి, బయట దొరికే స్కానర్లతో కొన్ని బండ్లకి అవుద్ది, కొన్నిటికి కంపెనీ సాఫ్ట్‌వేరు, కంపెనీ లాగిన్ లేకుండా అవ్వదు. అది మాకివ్వరు. చేసిన పని మాదే అయినా ఆ ఒక్క బటన్ కోసం ఓనరు బండి తోలుకుని సర్వీస్ సెంటర్‌కి పోవాలి, అక్కడ క్యూలో ఆగాలి, బండి ఆగినా ఫైనాన్సు కిస్తీ మాత్రం ఆగదు కదా.

మా వీధిలో పంపు మేస్త్రులకి ఇప్పుడు పాత ట్రాక్టర్లు, జనరేటర్లే మిగిలినయ్. హెల్పర్లుగా చేరే కుర్రోళ్ళు లేరు, ఉన్నోళ్ళు కూడా బైకేసుకుని డెలివరీ యాప్‌లకి పోతున్నారు. వైరింగ్ పని తెలిసి స్కానర్ నేర్చుకున్న ఎలక్ట్రీషియన్ల దగ్గర మాత్రం బండ్లు బారులు తీరి ఉంటున్నయ్, అంటే పని లేక కాదు, పని ఆ వైపు జరిగిపోయింది. నేర్చుకోండి అని చెప్పేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, మేం నేర్చుకోం అనట్లేదు, తాళం వేసిన దాన్ని ఎలా నేర్చుకుంటాం?

ఇది మా ఒక్కళ్ళ ఏడుపు కాదు. 2014 ఆగస్టులో, కంపెనీలు పోటీని తొక్కెయ్యకుండా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి రెండున్నర వేల కోట్ల పైన జరిమానా వేసింది, స్పేర్ పార్టులు, స్కానింగ్ టూల్స్ బయట మెకానిక్కులకి అందనివ్వట్లేదనే. కంపెనీలు అప్పీళ్ళకి పోయినయ్. 2022లో కేంద్రం రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువుని నచ్చిన చోట బాగు చేయించుకునే హక్కు, దాని మీద కమిటీ వేసింది, అందులో ఆటోమొబైల్ కూడా ఉంది, తర్వాత రిపేరు వివరాల కోసం ఒక పోర్టల్ పెట్టారు. మా షెడ్డు దాకా మాత్రం ఏదీ రాలేదు.

లాగిన్ ఇస్తే పొగ సిస్టమ్‌ని పీకేస్తారు అని కంపెనీల వాదన. అలా యూరియా సిస్టమ్ కట్ చేసేవాళ్ళు లేరని నేననను, ఉన్నారు, అది తప్పు. అందుకే వర్క్‌షాపు పేరు మీద లైసెన్స్ ఇవ్వండి, న్యాయమైన ఫీజు తీసుకోండి, ఏ బండికి ఎవరు ఏం చేశారో రికార్డు ఉంటుంది, దొంగపని చేసినోడు తేలిగ్గా దొరుకుతాడు. ఆటోనగర్ మొత్తానికి కలిపి కంపెనీ స్కానర్లతో ఒక సెంటర్ పెట్టినా చాలు, చిన్న షెడ్డు వాళ్ళు ఒక్కొక్కళ్ళు లక్షలు పెట్టి కొనలేరు. ఇక మన గవర్నమెంట్ ఐటీఐలో సాయంత్రం పూట, షెడ్లు మూసేశాక, తెలుగులో, నిజమైన బీఎస్-6 ఇంజన్ ముందు పెట్టి క్లాసులు చెప్పించమనండి, నలభై ఏళ్ళు దాటిన మేస్త్రులు కూడా వచ్చి కూర్చుంటారు, వాళ్ళని నేనే తీసుకొస్తా.

ఇట్లు,
ఒక వర్క్‌షాపు యజమాని,
ఆటోనగర్, విజయవాడ