మలయా వెళ్లినోళ్ల ఊళ్లు వెతకడానికి సాయం కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది శ్రీకాకుళం. కాలేజీ రోజుల నుంచి కలిసి తిరిగే అయిదుగురం ఈమధ్య మలేషియా వెళ్లొచ్చాం, 2023 డిసెంబర్ నుంచి మనోళ్లని వీసా లేకుండా 30 రోజులు ఉండనిస్తున్నారు కదా, అందుకే ప్లాన్ వేసుకున్నాం. ట్విన్ టవర్లు, జెంటింగ్ వెళ్లినోళ్లందరూ చూసేవే, వాటి గురించి కాదు ఈ ఉత్తరం. ఆఖరి రోజు గురించి.

ఆ రాత్రికే ఫ్లైట్. ఇద్దరు షాపింగ్‌కి పోయారు, మేం ముగ్గురం పొద్దున్నే రైలెక్కి బటు కేవ్స్ వెళ్లాం. 272 మెట్లు ఎక్కి దిగి, ఆ 140 అడుగుల మురుగన్ విగ్రహం దగ్గర్లో కాస్త నీడ చూసుకుని కూర్చున్నాం, చుట్టూ అంతా తమిళమే వినిపిస్తోంది, ఇంతలో వెనకనుంచి ఒక ముసలావిడ "ఒరే గుంటడా, బేగి రారా" అని మనవడిని కేకేసింది. ముగ్గురం ఒకేసారి తిరిగి చూశాం. అచ్చం మా నాయనమ్మ పిలిచినట్టే ఉంది.

పలకరిస్తే "మీది సిక్కోలేటి బాబూ" (సిక్కోలంటే శ్రీకాకుళమే) అని నా చెయ్యి పట్టుకుంది, ఇంక వదల్లేదు. వాళ్లు ఉండేది పెరాక్ రాష్ట్రంలో బగాన్ దాతుక్, కొబ్బరి తోటల ఊరు, అక్కడ తెలుగోళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల నాన్న పెళ్లి కాకముందే తోట పనికని ఓడెక్కి మలయా, అంటే ఇప్పటి మలేషియాకి, వెళ్లాడట. 1938లో ఇక్కడినుంచి కూలీలని పంపడం ఆపేశారు, తర్వాత యుద్ధం వచ్చింది, ఆ రోజుల్లోనే ఉత్తరాలు ఆగిపోయాయని చెప్పింది. ఆవిడకి ఇప్పుడు ఎనభై దాటాయి. చచ్చిపోయేలోపు నాన్న పుట్టిన ఊరి మట్టి ఒకసారి తొక్కాలని ఉంది, అంతే ఆవిడ కోరిక.

కానీ ఊరు దొరకట్లేదు. ఆవిడ పెద్ద మనవడు పాత కాగితం ఫోన్లో చూపించాడు, ఇంగ్లీషులో చికాకోల్ తాలూకా, గంజాం జిల్లా అని ఉంది, ఊరి పేరు సగం చెరిగిపోయి చివర "పేట" ఒక్కటే కనిపిస్తోంది. పాపం ఆ కుర్రాడు గంజాం అంటే ఒడిశా అనుకుని బరంపురం దాకా వచ్చి వారం రోజులు తిరిగి వెళ్లిపోయాడట! చికాకోల్ అంటే మన శ్రీకాకుళమేనని, 1936 దాకా మనం గంజాం జిల్లాలో ఉన్నామని, ఒడిశా వేరైనప్పుడు విశాఖ జిల్లాలో కలిపారని, 1950లో గానీ శ్రీకాకుళం జిల్లా రాలేదని అతనికి చెప్పేవాళ్లు ఎవరు? మొన్న 2022లో కూడా మళ్లీ విడగొట్టారు, పాలకొండ అటు మన్యం జిల్లాకి, రాజాం ఇటు విజయనగరానికి పోయాయి. మనకే తికమకగా ఉంటే మూడు తరాల కిందట వెళ్లినోళ్ల పిల్లలు ఏం వెతుక్కుంటారండి.

అందుకే అడుగుతున్నా. పాత తాలూకాలు, పాత ఇంగ్లీషు స్పెల్లింగులు, ఆ ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఏ మండలంలో ఉంది, ఇదంతా ఒకచోట చేర్చి నెట్‌లో పెట్టమని మూడు జిల్లాల కలెక్టర్లకి మీ పేపర్ ద్వారా మనవి. ఎచ్చెర్ల యూనివర్సిటీ పిల్లలకి ప్రాజెక్టుగా ఇచ్చినా చాలు, ఊళ్లల్లోకి వెళ్లి పెద్దవాళ్లని అడిగి రాసుకొస్తారు. రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లినోళ్లు, మలయా వెళ్లినోళ్లు లేని ఊరు మన దగ్గర తక్కువే, మా ఇంట్లో కూడా మా నాయనమ్మ చిన్నాన్న రంగం పోయాడని చెప్పేది, ఏ ఏడు, ఏ ఓడ అని ఆవిడ ఉన్నప్పుడు అడగలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఆవిడ లేదు.

బటు కేవ్స్‌లో కలిసిన ఆ ముసలావిడ అనుమతి తీసుకోలేదు కాబట్టి ఇంటిపేరు ఇక్కడ రాయట్లేదు. వాళ్ల నాన్న చెప్పిన ఒక్క గుర్తు మాత్రం రాస్తున్నా, శివరాత్రికి ముఖలింగం గుడికి వెళ్లాలంటే మా ఊరినుంచి ఏరు దాటాలి అనేవాడట. ఆ ఏరు వంశధారే అయితే ఊరు ఇవతలి గట్టున, ఆమదాలవలస, సరుబుజ్జిలి వైపు ఉంటుందని నా అంచనా. అటువైపు "పేట"ల్లో మలయా వెళ్లి తిరిగిరాని మనిషి గురించి ఇంట్లో విన్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి మీ ఆఫీసుకి ఒక కార్డు ముక్క రాయండి, ఆ మనవడి నంబర్ నా దగ్గర ఉంది, అదే రోజు ఫోన్ చేస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు, శ్రీకాకుళం