రక్తం తక్కువంటే ఐరన్ మాత్రేనా?

సంపాదకులకు నమస్కారం.

రక్తహీనత అనగానే మనకు గర్భిణులు, బడిపిల్లలే గుర్తొస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తం తక్కువ. నాకు 54. ఆ లెక్కలోనూ లేను, రక్తహీనత తగ్గించడానికి 2018లో మొదలైన కేంద్ర పథకం ‘అనీమియా ముక్త్ భారత్’ జాబితాలోనూ లేను.

తొమ్మిదేళ్లుగా నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం. మొదటి మూడేళ్లు దాని పేరే తెలీదు. పొద్దున లేస్తే గంటసేపు వేళ్లు ముడుచుకునేవి కావు. అట్లకాడ పట్టుకోవాలంటే ముందు వేడినీళ్ల గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చోవాల్సిందే. హిమోగ్లోబిన్ 8.6. చూపించుకున్న ప్రతిచోటా “రక్తం లేదమ్మా, అందుకే నీరసం” అన్నారే గానీ, వేళ్ల సంగతి ఎవరూ అడగలేదు. ఐరన్ మాత్రలు, తోటకూర, బెల్లం, ఖర్జూరాలు. రెండేళ్లు మింగితే 8.6 కాస్తా 8.8 అయింది!

అసలు సంగతి కీళ్ల డాక్టరు చెప్పారు. ఈ జబ్బు వాపు ఒంట్లో ఉన్నంతకాలం లివర్ నుంచి హెప్సిడిన్ అనే హార్మోన్ ఎక్కువగా వస్తుంది. అది తిన్న ఐరన్‌ను పేగులు దాటనివ్వదు, నిల్వ ఉన్నదాన్ని రక్తంలోకి రానివ్వదు. గాదెలో ధాన్యం ఉన్నా తలుపు తెరుచుకోదన్నమాట. ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష ఒక్కటే చేయించి నార్మల్ అనుకున్నా తప్పే, వాపుకి అదీ పెరుగుతుంది. రక్తంలోకి ఐరన్ ఏమాత్రం అందుతోందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ పరీక్ష కూడా చూడాలట.

ఇంకోటి, చెప్పడానికి మొహమాటమే అయినా చెప్పాలి. ఐరన్ మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనుక్కున్న నొప్పి మాత్రలకి కడుపులో పుండు పడి రక్తం పోయినా నల్లగానే అవుతుంది. నేను రెండూ కలిపి వాడాను. మాత్రల రంగే అనుకుని ఊరుకున్నాను. ఎండోస్కోపీ చేశాక గానీ పుండు సంగతి బయటపడలేదు.

పుండుకి మందులిచ్చి, నొప్పి మాత్రలు మాన్పించి, వారానికి ఒక్కరోజు కీళ్లవాతం మందు మెథోట్రెక్సేట్, దాంతో ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టారు. ఏడాది తిరక్కుండా హిమోగ్లోబిన్ 11.2కి వచ్చింది. కానీ కుడిచేతి రెండు వేళ్లు అప్పటికే వంకర తిరిగిపోయాయి, అవిక మామూలుగా కావు. రక్తం తక్కువున్న కీళ్లవాతం రోగుల్లో కీళ్లు ఎక్కువగా పాడవుతాయని తర్వాత తెలిసింది.

ఐరన్ మాత్రలు వద్దని నేననను. అవసరమున్న వాళ్లు చాలామందే ఉన్నారు. కాకపోతే ఆ మాత్రలిచ్చే ముందు ఆశా కార్యకర్త గానీ, ఏఎన్ఎం గానీ “పొద్దున లేవగానే వేళ్లు ఎంతసేపు బిగుసుకుని ఉంటున్నాయి, నొప్పి మాత్రలేమైనా వాడుతున్నావా?” అని అడిగేలా ఆరోగ్యశాఖ చెయ్యాలి. అరగంట పైన అన్నవాళ్లని, వయసెంతైనా, పెద్దాసుపత్రికి పంపాలి. ఎన్ని మాత్రలు వేసుకున్నా హిమోగ్లోబిన్ కదలని వాళ్ల పేర్లు ఎలాగూ వాళ్ల రిజిస్టర్లలోనే ఉంటాయి. ముందు వాళ్లతో మొదలుపెట్టొచ్చు.

— ఒక పాఠకురాలు, తెనాలి