తూటా ఇంట్లో నింపుకుంటే సగం ధరేనా?

సంపాదకులకు,

అమెరికాలో తుపాకుల వాడకం గురించి మీరు వేసిన వ్యాసంలో, కాల్చిన తూటాలను ఇంట్లోనే మళ్లీ నింపుకుంటే ఖర్చు సగానికి తగ్గుతుందని ఒక వాక్యం ఉంది. అక్కడి షూటింగ్ రేంజిలకు వెళ్లే తెలుగువాళ్లు అది చదివి ప్రెస్సు, అంటే తూటాలు నింపే యంత్రం, కొనే ముందు ఒకసారి లెక్క వేసుకోవాలి. కొన్ని రకాల తూటాలకు ఆ మాట దాదాపు నిజమే. కానీ జనం ఎక్కువగా కాల్చే 9 ఎంఎం పిస్టల్ తూటాకు మిగిలేది చిల్లర.

తూటాలో ఉండేవి నాలుగు: ఇత్తడి గుల్ల, దాని అడుగున పిన్ను దెబ్బకు నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల పౌడర్, మూతిలో బుల్లెట్. కాల్చాక చేతికి తిరిగొచ్చేది గుల్ల ఒక్కటే. మిగతా మూడూ ప్రతిసారీ కొనాల్సిందే.

పౌడర్‌ను గ్రెయిన్లలో తూస్తారు. పౌనుకు 7,000 గ్రెయిన్లు. 9 ఎంఎంలో ఒక్కోదానికి 5 గ్రెయిన్లు పడుతుందనుకుందాం. ఇది లెక్క కోసం చెప్పిన అంకె మాత్రమే. అసలు మోతాదు పౌడర్ కంపెనీ అచ్చువేసిన పట్టికలోనే చూసుకోవాలి. అలా పౌను పౌడర్ 1,400 తూటాలకు వస్తుంది. పౌను 42 డాలర్లయితే తూటాకు 3 సెంట్లు. ప్రైమర్ 7, బుల్లెట్ 10 వేసుకోండి. రేంజిలో ఏరుకున్న గుల్లకు ఖర్చు లేదు. మొత్తం 20 సెంట్లు. అదే సరుకు కొత్తది పెట్టెల లెక్కన 24 సెంట్ల ప్రాంతంలో దొరుకుతున్నప్పుడు మిగిలేది 4 సెంట్లు. ప్రెస్సు, అందులో గుల్లను సరైన ఆకారానికి నొక్కే అచ్చులు (డైలు), తక్కెడ, పొడవు కొలిచే క్యాలిపర్, గుల్లలు శుభ్రం చేసే టంబ్లర్ అన్నీ కలిపి పొదుపుగా కొన్నా 500 డాలర్లు అవుతాయి. అంటే 12,500 తూటాలు కాల్చాక గానీ పెట్టుబడి తిరిగి రాదు. ఒక్కోసారి ఒక్క పనే చేసే సింగిల్ స్టేజ్ ప్రెస్సు మీద గంటకు 50 నుంచి 100 దాకా నింపగలరు. ఆ లెక్కన గంట పనికి గిట్టేది 2 నుంచి 4 డాలర్లు! పౌడర్, ప్రైమర్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ప్రమాదకర సరుకు కింద విడిగా వేసే రుసుము ఈ లెక్కలో లేనే లేదు.

ఇప్పుడు గురి పోటీలకు వాడే .308 రైఫిల్ తూటా (మ్యాచ్ తూటా) చూడండి. మంచి బుల్లెట్ 45 సెంట్లు. పౌడర్ 43 గ్రెయిన్లు పడితే పౌనుకు 162 తూటాలు. పౌను 45 డాలర్ల లెక్కన 28 సెంట్లు. ప్రైమర్ 8. డాలరు పెట్టి కొన్న గుల్లను ఎనిమిదిసార్లు వాడితే ఒక్కోసారికి 12 సెంట్లు పడుతుంది. మొత్తం 93 సెంట్లు. ఇదే నాణ్యతలో కంపెనీ తూటా 1.60 డాలర్లు అనుకున్నా 65 సెంట్లకు పైగా మిగులుతుంది. 770 తూటాలకే సామాను ఖర్చు తీరిపోతుంది. పైగా మన బ్యారెల్‌కు నప్పే బుల్లెట్ లోతునూ పౌడర్ తూకాన్నీ ఎంచుకోవచ్చు కాబట్టి గురి కూడా కుదురుతుంది. .44 మాగ్నమ్, .45-70 లాంటి ఖరీదైనవాటికీ ఇదే వర్తిస్తుంది. షాట్‌గన్‌లో 12 బోరుకు శ్రమ దండగ, ఎందుకంటే సీసపు గుళ్ల సంచి ధరే ఆదాను మింగేస్తుంది. షాట్‌గన్‌లోనే చిన్న సైజులైన 28 గేజ్, .410 తూటాలకు సీసం తక్కువ పడుతుంది, కొంటే ధర మాత్రం ఎక్కువ. వాటికి నింపుకోవడమే మేలు.

‘సగం ధర’ మాట పాత రోజుల్లో పుట్టింది. 2020కి ముందు ప్రైమర్ మూడు, నాలుగు సెంట్లకు దొరికేది. తర్వాతి కొరతలో పది సెంట్లు దాటింది, ఇప్పటికీ పాత ధరకు దిగలేదు. అమెరికాలో పేరున్న నాలుగు ప్రైమర్ బ్రాండ్లలో మూడు, అంటే సీసీఐ, ఫెడరల్, రెమింగ్టన్, 2024 నవంబర్ నుంచి చెక్ దేశపు సీఎస్‌జీ సంస్థ చేతిలోనే ఉన్నాయి. పోటీ ఇంత పల్చబడ్డాక ధర దిగుతుందని ఆశించడం కష్టం.

.22 తూటాను మాత్రం ఈ జాబితాలోంచి పూర్తిగా తీసేయండి. దాని ప్రైమర్ మిశ్రమం అంచు మడతలోనే ఉంటుంది. ఒకసారి పిన్ను తగిలి అంచు నలిగితే ఆ గుల్ల ఇక పనికిరాదు.

డబ్బు లెక్క తేలినా, తప్పు జరిగితే పోయేది తుపాకీ, ఒక్కోసారి చేతివేళ్లు. అందుకే పని వరుస తప్పకూడదు: గుల్ల శుభ్రం చేయడం, రైఫిల్‌దైతే జారుడు కోసం లూబ్ రాయడం, డైలో నొక్కి పాత ప్రైమర్ ఊడగొట్టడం, పొడవు కొలిచి పెరిగినంత కోయడం, కొత్త ప్రైమర్, పౌడర్, బుల్లెట్, చివర కొలత సరిచూసే గేజ్‌లో పరీక్ష. లూబ్ మరిచిపోతే గుల్ల డైలో ఇరుక్కుపోతుంది. ప్రైమర్ అడుగుమట్టానికి మించి పైకి ఉంటే సెమీ ఆటోమేటిక్‌లో తూటాను లోపలికి నెట్టే బోల్టు తగిలి, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలవచ్చు. సైనిక గుల్లల్లో ప్రైమర్ చుట్టూ నొక్కిన అంచు ఉంటుంది. దాన్ని ముందు తీసేయకపోతే కొత్త ప్రైమర్ ఎక్కదు. లోపల ఒక రంధ్రం బదులు రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తే అది ఈ పద్ధతికి కుదరని బెర్డాన్ రకం, పక్కన పడేయండి.

అన్నిటికంటే ప్రమాదమైన తప్పులు రెండు. ఒకటి, పౌడర్ రెండుసార్లు పడటం. పిస్టల్ మోతాదు చిన్నది, గుల్లలో సగం కూడా నిండకపోవచ్చు. రెండో మోతాదు పడ్డా ఖాళీ మిగులుతుంది గనుక పైనుంచి చూస్తే అనుమానం రాదు. అందుకే కొత్తవాళ్లు రెండోసారి పడగానే పొర్లిపోయేంత ఉబ్బుగా ఉండే పౌడర్‌నే ఎంచుకోవాలి. రెండోది, పౌడర్ అసలు పడకపోవడం. ప్రైమర్ దెబ్బకే బుల్లెట్ బ్యారెల్‌లోకి కొంత దూరం వెళ్లి ఆగిపోతుంది. చప్పుడు తక్కువగా వినిపించిందంటే అక్కడే ఆపి, తుపాకీ ఖాళీ చేసి, బ్యారెల్ చూడాలి. చూడకుండా ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగలవచ్చు. బుల్లెట్ కూర్చోబెట్టే ముందు యాభై గుల్లలనూ పళ్లెంలో నిలబెట్టి, దీపం వేసి వరుసగా చూడటానికి రెండు నిమిషాలు చాలు. రైఫిల్ గుల్ల అడుగుకు కాస్త పైన మెరిసే గీత కనిపిస్తే లోపల లోహం పల్చబడిందని అర్థం. ఇంకోసారి కాలిస్తే రెండు ముక్కలు కావచ్చు. టంబ్లర్ దుమ్ములో సీసం ఉంటుంది. ఆ పని వంటగదిలో, పిల్లలున్న గదిలో చేయవద్దు.

నిల్వకూ హద్దులున్నాయి. అమెరికా అగ్నిమాపక ప్రమాణాల ప్రకారం ఇంట్లో పౌడర్ కంపెనీ డబ్బాల్లోనే, మామూలుగా 20 పౌన్ల దాకా ఉంచుకోవచ్చు, ప్రైమర్లు 10,000. స్థానిక నిబంధనలు ఇంకా కఠినంగా ఉండవచ్చు. సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికైతే కావాలి.

మన దేశంలో ఈ చర్చకే తావు లేదు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ కింద లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం నేరం. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ బరిలో దిగే 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడేది ఎలాగూ మళ్లీ నింపడానికి వీల్లేని .22 తూటాయే.

మీ వ్యాసంలో లేని ఇంకో సంగతి తెలుగువాళ్లకు అన్నిటికన్నా ముఖ్యం. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాలపై అమెరికాలో ఉన్నవారు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఆ చట్టంలో తూటా అన్న మాటకిచ్చిన నిర్వచనంలోకి గుల్లలు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ కూడా విడివిడిగా వస్తాయి. నింపకుండా పెట్టెలో పడి ఉన్న ప్రైమర్లు కూడా తూటాల కిందే లెక్క. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉన్నవారికి మినహాయింపు ఉంది; గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు.

– ఒక పాఠకుడు, డాలస్, టెక్సాస్