2024 వార్షిక నివేదిక: మన మూడు కడ్డీల యాంటెన్నా మళ్లీ దిక్కు పట్టింది

సభ్యులందరికీ నమస్కారం.

ఒహాయోలో ఉంటూ, పాత సీబీ (సిటిజన్స్ బ్యాండ్, అంటే మామూలు జనం మాట్లాడుకునే) రేడియోల మీద ఇష్టంతో కలిసిన మన చిన్న బృందానికి ఈ ఏడాది అసలు పని ఒక్కటే. పల్లె వైపు ఉంటున్న మన సభ్యుడి ఇంటి వెనక నిలబెట్టిన సూపర్ స్కానర్ యాంటెన్నాను తిరిగి పనిలోకి తెచ్చుకోవడం. నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

కొత్తగా చేరినవాళ్ల కోసం కాస్త వెనక నుంచి చెబుతాను. అమెరికాలో 27 మెగాహెర్ట్జ్ దగ్గర సీబీ 1958లో మొదలైంది. అప్పుడు 23 ఛానళ్లు ఉండేవి. 1977 జనవరి 1 నుంచి 40 అయ్యాయి. ఏఎం పద్ధతిలో పంపే శక్తి 4 వాట్లు దాటకూడదు. అంత తక్కువ శక్తితో దూరం వెళ్లాలంటే సిగ్నల్‌ను ఒకవైపు మళ్లించే యాంటెన్నా కావాలి. అలాంటిదాన్ని తిప్పడానికి స్తంభం మీద మోటారు పెట్టాలి. చలికాలంలో మంచు గడ్డకట్టి మోటారు బిగుసుకుపోతే ఇక యాంటెన్నా ఎటు చూస్తుంటే అటే. అప్పట్లో మన క్లీవ్‌లాండ్‌లోనే ఉన్న యాంటెన్నా స్పెషలిస్ట్స్ కంపెనీ దీనికి వేరే దారి చూసింది, అదే సూపర్ స్కానర్. త్రికోణంలో మూడు నిలువు కడ్డీలు, అవేవీ తిరగవు. ఇంట్లో రేడియో పక్కన చిన్న కంట్రోల్ బాక్స్. నాబ్ తిప్పితే పైన పెట్టెలో రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) టక్కుమంటుంది, ఆ క్షణమే దిక్కు మారిపోతుంది. ఒకదాని పక్కన ఒకటి మూడు దిక్కులు, మధ్యలో అన్నివైపులా వినే స్థానం ఒకటి.

దీని పనితీరు వెనక ఉన్న సూత్రం 1926లో జపాన్‌లో షింతారో ఉదా, హిదెత్సుగు యాగీ అనే ఇంజనీర్లు బయటపెట్టినదే. సిగ్నల్ అందుకునే కడ్డీ వెనక కాస్త పొడుగైన కడ్డీ ఉంటే, అది అద్దంలా సిగ్నల్‌ను ముందుకు తోస్తుంది. మన యాంటెన్నాలో మూడు కడ్డీలూ ఒకే పొడవు. 27.185 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే ట్రక్కు డ్రైవర్లు మాట్లాడుకునే ఛానల్ 19 మీద, సగం తరంగం పొడవున్న కడ్డీకి సుమారు 17 అడుగులు వస్తుంది. మరి పొడుగు తేడా ఎక్కడిది? కేబుళ్లది. ప్రతి కడ్డీ నుంచి ఒక కోయాక్స్ (టీవీ డిష్ తీగలాంటి) కేబుల్ మధ్య పెట్టెకు వస్తుంది. రిలేలు ఒక కడ్డీని రేడియోకు కలిపి, మిగతా రెండింటి కేబుళ్లను విడిగా వదిలేస్తాయి. అలా వదిలిన కేబుల్ ముక్క తన కడ్డీని విద్యుత్ లెక్కలో పొడుగు చేస్తుంది. అప్పుడు ఆ రెండూ అద్దాలైపోతాయి. దిక్కంతా ఆ కేబుళ్ల పొడవులోనే దాగి ఉందన్నమాట.

ఈ మాట ఒక్కటి ముందే మనసులో పెట్టుకుని ఉంటే ఏడాది కష్టం తప్పేది. అంతకుముందు శరదృతువులో పాత కేబుళ్లలోకి నీళ్లు దిగాయని మూడింటినీ మార్చాం. టేపు పెట్టి పాతదాని పొడవు కొలిచి, కొత్తది సరిగ్గా అంతే కోసింది నేనే. రేడియోకు యాంటెన్నా ఎంత సరిపోయిందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ చక్కగా 1.4 చూపించింది, అందరం సంతోషించాం. కానీ నాబ్ ఎటు తిప్పినా హైవే మీది ట్రక్కుల మాటలు ఒకేలా వినిపించాయి. చలికాలమంతా రిలేలను అనుమానించాం.

అసలు సంగతి కేబుల్ లోపలి ప్లాస్టిక్‌లో ఉంది. పాతది ఘనమైన పాలిథిలీన్. అందులో సిగ్నల్ గాలిలో కంటే మెల్లగా, 66 శాతం వేగంతో పోతుంది. మేము కొన్నది నురుగు ప్లాస్టిక్ కేబుల్, అందులో వేగం దాదాపు 80 శాతం. ఉదాహరణకు సగం తరంగానికి పాత రకం 3.64 మీటర్లు చాలు, నురుగు రకమైతే 4.4 మీటర్లు కావాలి. టేపు లెక్కన పొడవు సమానమే అయినా విద్యుత్ లెక్కన మన కేబుళ్లు పొట్టివి అయిపోయాయి. అద్దాలు అద్దాలుగా ఉండటం మానేశాయి. ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్‌కు ఇదేమీ తెలియదు. రేడియోకు భారం సరిపోయిందా లేదా అన్నదే దాని పని, సిగ్నల్ ఎటు పోతోందన్నది దానికి పట్టదు.

అదృష్టం కొద్దీ మన కోశాధికారి గారు తీసేసిన పాత కేబుళ్లను పారెయ్యలేదు. గ్యారేజీలో అట్టపెట్టెలో చుట్టి పెట్టారు. వాటిలో ఒకటి నీరు తగలకుండా మిగిలింది. అదే మాకు కొలబద్ద అయింది. దాని ఒక చివర తెరిచి ఉంచి, రెండో చివర ఎనలైజర్ అనే కొలిచే పరికరం పెట్టి ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ పోయాం. కేబుల్ పావు తరంగం పొడవైన చోట ఇంపిడెన్స్, అంటే సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం, దాదాపు సున్నాకు పడిపోతుంది. ఆ అంకె కాగితం మీద రాసుకుని, ఘన పాలిథిలీన్ కేబుల్ కాస్త ఎక్కువ పొడవుతో కోసి, అదే అంకె వచ్చేదాకా చివర కొద్దికొద్దిగా కత్తిరించాం. మూడూ ఒకే అంకెకు వచ్చాకనే పెట్టెకు కలిపాం. కేబుళ్లు అనవసరంగా పొడుగున్నాయని ఎప్పుడూ కత్తిరించకండి. మిగులుగా కనిపించే ఆ ముక్కే యాంటెన్నాకు ప్రాణం.

రిలే పెట్టె తెరిచిన రోజు చూసినవీ చెప్పాలి. మూత చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడి వేలితో నొక్కితే పొడిగా రాలింది. అడుగున నీరు కారడానికి వదిలిన చిన్న రంధ్రాన్ని ఎవరో సిలికాన్‌తో మూసేశారు. మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు, కానీ చెమ్మ బయటకు పోయే దారి లేక అడుగున తుప్పు నీళ్లు నిలిచాయి. ఒక మూల కందిరీగ మట్టిగూడు. రిలే కాంటాక్టులు నల్లబడి ఉన్నాయి. వాటి మీద గరుకు కాగితం పెట్టలేదు. అలా చేస్తే వెండి పూత పోయి కొన్ని నెలల్లో మళ్లీ నల్లబడతాయి. కాంటాక్ట్ క్లీనర్ చల్లి, మామూలు కాగితం ముక్క కాంటాక్టుల మధ్య పెట్టి మెల్లగా లాగాం. నాలుగోసారికి కాగితం తెల్లగా వచ్చింది. ఒక రిలేలో స్ప్రింగు చచ్చిపోయింది, దాన్ని మార్చాం. రంధ్రం మళ్లీ తెరిచి, పురుగులు రాకుండా సన్నని జల్లెడ పెట్టాం.

ఆ తర్వాత పరీక్ష. మన సభ్యులు ముగ్గురు కార్లలో మూడు వైపులకు వెళ్లి ఆపుకుని, వంతులవారీగా చిన్నగా మాట్లాడారు. లోపల ఒకరు నాబ్ తిప్పుతూ, సిగ్నల్ బలం చూపే ఎస్ మీటర్ చూశారు. ముందుకూ వెనక్కూ తేడా రెండు ఎస్ యూనిట్లకు పైనే వచ్చింది. ఒక ఎస్ యూనిట్ అంటే 6 డెసిబెల్ అనుకుంటే 12 పైమాటే. వెనకవైపు కారులో ఉన్న సభ్యురాలు మాట మధ్యలో గుసగుసలా తగ్గిపోయారు. నాబ్ ఒక్క మెట్టు తిప్పగానే గదిలో ఉన్నట్టే వినిపించారు. ఆ క్షణం అక్కడున్న అందరం ఒక్కసారిగా చప్పట్లు కొట్టాం.

వాడకం గురించి కొంచెం. ట్రక్కుల మీది యాంటెన్నాలు నిలువుగా ఉంటాయి కాబట్టి నిలువు కడ్డీలున్న మనది ఛానల్ 19కి బాగా కుదురుతుంది. ముందు అన్నివైపులా స్థానంలో వినండి, మాట దొరికాక దిక్కు మార్చండి. మైక్ నొక్కి ఉండగా నాబ్ తిప్పొద్దు. కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేచి పూత కాలిపోతుంది. యాంప్లిఫైయర్ ఊసు అసలే వద్దు. అది చట్టవిరుద్ధం, పైగా ఈ రిలేలు అంత శక్తి తట్టుకోవు.

ఈ ఏడాది సూర్యుడి మచ్చలు ఎక్కువ. మే 10 రాత్రి వచ్చిన సౌర తుఫానుకు ఒహాయోలోనే ఆకాశం గులాబీ రంగుకు తిరిగింది, పిల్లలందరినీ నిద్రలేపి చూపించాం. శరదృతువు వచ్చేసరికి పగటిపూట స్కిప్, అంటే పై వాతావరణానికి తగిలి దూరం నుంచి తిరిగొచ్చే సిగ్నళ్లు, పోటెత్తి, దూర రాష్ట్రాల మాటలు దగ్గరివాళ్లను ముంచేశాయి. అప్పుడే మన యాంటెన్నా విలువ తెలిసింది. దక్షిణం నుంచి వచ్చే హోరుకు వీపు తిప్పి, పది మైళ్ల దూరంలోని సభ్యుడితో హాయిగా మాట్లాడగలిగాం. నా లెక్కలో దూరం వెళ్లడం కంటే అక్కర్లేనిది వినకుండా ఉండటమే ఈ యాంటెన్నా చేసే పెద్ద మేలు.

గుంటూరులో అమ్మానాన్నల ఇంటి మీద ఇలాంటిది పెట్టొచ్చా అని ఇద్దరు అడిగారు. భారత్‌లో 2005 నుంచి 26.957–27.283 మెగాహెర్ట్జ్ మధ్య 5 వాట్ల వరకు లైసెన్సు అక్కర్లేదు. కానీ ఆ మినహాయింపు తక్కువ శక్తి పరికరాలకు. మిద్దె మీద పెద్ద దిక్కు యాంటెన్నాకు అది వర్తిస్తుందని అనుకోవద్దు.

భద్రత విషయంలో నేను రాజీపడను. 1970లలో సీబీ యాంటెన్నాలు ఎత్తుతూ కరెంటు తీగలకు తగిలి చాలామంది చనిపోయారు. అందుకే వాటి మీద హెచ్చరిక చీటీలు తప్పనిసరి చేశారు. స్తంభం, యాంటెన్నా కలిపి ఎంత ఎత్తో దానికి రెట్టింపు దూరంలో తీగలేవీ ఉండకూడదు. ఇది మన బృందం నియమం. ఉరుము వినిపిస్తే కేబుల్ ఊడదీయండి.

లెక్కల కాగితాలు కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదువుతారు. ఉగాది భోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. పిల్లలకు ఛానల్ 9 అత్యవసరాలకు, ప్రయాణికుల సాయానికే అని నేర్పించే గంట బాగా సాగింది, వచ్చే ఏడాదీ ఉంటుంది.

మంచు కరిగాక మొదటి శనివారం స్తంభం దించుతున్నాం. అల్యూమినియం కీళ్లకు పేస్టు పూసి, కీలు కీలుకూ తనంతట తానే అతుక్కునే రబ్బరు టేపు చుట్టాలి. నిచ్చెన పట్టడానికి నలుగురు కావాలి. 13 నంబరు రెంచి ఉన్నవాళ్లు వెంట తెచ్చుకోండి. పోయినసారి మన దగ్గర ఒక్కటే ఉండి సాయంత్రం దాకా చేతులు మారుతూనే ఉంది.

కార్యదర్శి