రాజమహేంద్రవరం నుంచి హైదరాబాద్ దాకా తోడున్న అందరికీ కృతజ్ఞతలు

మా ఐసీయూలో వెంటిలేటర్ మీదున్న పేషెంటును ఎయిర్ అంబులెన్సులో హైదరాబాద్‌కు క్షేమంగా చేర్చిన ప్రతి ఒక్కరికీ మా డాక్టర్లు, నర్సులందరి తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

మధురపూడి విమానాశ్రయం నుంచి శంషాబాద్‌కు గాల్లో ఉండేది గంట పైచిలుకే. కానీ ఈ మంచం నుంచి ఆ మంచం దాకా లెక్కేస్తే నాలుగు గంటలు. మంచం మీంచి స్ట్రెచర్‌కి, అంబులెన్సులోకి, విమానంలోకి, మళ్లీ అదే వరసలో కిందికి. శ్వాస ట్యూబు జారినా, మందు ఎక్కే లైను ఊడినా ఆ మార్పుల్లోనే. అందుకే విమానంతో వచ్చిన డాక్టరుకూ నర్సుకూ మా మొదటి దండం. వాళ్లు రాగానే పేషెంటును ఎత్తలేదు. తమ ట్రాన్స్‌పోర్ట్ వెంటిలేటర్ తగిలించి, మంచం పక్కనే కాసేపు గమనించి, ఏబీజీ (రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నాయో చెప్పే పరీక్ష) చూశాకే కదిలారు. బయల్దేరే తొందరలో చాలాచోట్ల ఎగిరిపోయే మెట్టు ఇదే. అది ఎగిరిపోతే ఆక్సిజన్ పడిపోతోందని లిఫ్టులో తెలుస్తుంది.

ఛాతీ ఎక్స్‌రే కూడా మళ్లీ తీయించారు. ఎగిరేటప్పుడు క్యాబిన్‌లో గాలి పీడనం దాదాపు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంతకు తగ్గవచ్చు. అప్పుడు ఒంట్లో చిక్కుకున్న గాలి మూడో వంతు వరకు ఉబ్బుతుంది. నేల మీద ఇబ్బంది పెట్టని చిన్న న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) పైన ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి, ఉంటే ఐసీడీ (ఆ గాలిని బయటికి తీసే ఛాతీ గొట్టం) వేయకుండా విమానం ఎక్కించకూడదు. ఈటీ ట్యూబు (శ్వాసనాళంలో వేసే గొట్టం) కఫ్‌దీ, అంటే దాని చివరనుండే గాలి బుడగదీ ఇదే సంగతి: పీడనం 20–30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉండేలా విమానం పైకి లేచేటప్పుడు కొంత గాలి తీయాలి, కిందికి దిగేటప్పుడు నింపాలి. ముక్కు నుంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబును మూయకుండా బ్యాగుకు వదిలేయాలి. ఇంజిన్ల హోరులో స్టెతస్కోపు పనికిరాదు. అందుకే శ్వాస ట్యూబు సరిగా ఉందో లేదో దారంతా కాప్నోగ్రాఫ్ (వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను చూపే యంత్రం) గీతను చూసి తెలుసుకోవాలి.

ఆక్సిజన్ లెక్క వేసిన టెక్నీషియన్‌కు ప్రత్యేకంగా చెప్పాలి. నిమిషానికి 10 లీటర్లు, నాలుగు గంటలకు 2,400. ఆలస్యాలకు రెట్టింపు వేస్తే 4,800. నిండు బి-టైప్ సిలిండర్‌లో ఉండేది 1,500 లీటర్లు కాబట్టి మూడు చాలవు, నాలుగు కావాలి. బీపీని నిలబెట్టే నోరడ్రెనలిన్ మందు సిరంజి అయిపోయే దాకా ఆగకుండా, రెండో పంపు ముందే సిద్ధం చేసిన నర్సుది ఇంకా గొప్ప ముందుచూపు. మందు ఒక్క నిమిషం ఆగినా బీపీ జారిపోతుంది.

అంబులెన్సు నంబరు, డ్రైవరు, సిబ్బంది గుర్తింపు వివరాలు ముందే తెప్పించుకుని గేటు దగ్గర ఆపకుండా పంపిన విమానాశ్రయ సిబ్బందికి, పేషెంటును మొదట మా దాకా తెచ్చిన 108 అంబులెన్సు ఈఎంటీకి (అత్యవసర వైద్య సహాయకుడికి), దాన్ని నడిపిన పైలట్‌కు కృతజ్ఞతలు. 2005 ఆగస్టు 15న మొదలైన ఆ 108 సేవే లేకపోతే విమానం దాకా వచ్చే పేషెంట్లు ఎంతమంది మిగిలేవారు? విమానం లేవకముందే బెడ్ నంబరు, డ్యూటీ డాక్టరు ఫోను నంబరు చెప్పిన హైదరాబాద్ ఆసుపత్రికీ రుణపడి ఉంటాం. ఆ రెండూ లేకుండా వెళ్తే, బ్యాటరీ తగ్గుతున్న వెంటిలేటర్‌తో క్యాజువాలిటీలో నిలబడాల్సి వస్తుంది.

వాళ్లు వాడిన చెక్‌లిస్టు నకలు మా నర్సింగ్ స్టేషన్‌లో ఉంది. చుట్టుపక్కల ఏ ఆసుపత్రి వారైనా వచ్చి తీసుకోవచ్చు.