విదేశీ డ్యూటీ ఆర్డర్ వచ్చాక మొదటి పది రోజులు

సంపాదకులు గారికి,

నమస్కారం. విశాఖ నుంచి యుద్ధనౌక దూర దేశాలకు బయల్దేరితే మర్నాడు పత్రికల్లో మంచి ఫొటో వస్తుంది. బ్యాండు, జెండా, చెయ్యి ఊపుతున్న కుటుంబాలు కనిపిస్తాయి. ఆ గుంపులో పెళ్లయి ఏడాది నిండని అమ్మాయిలుంటారు, ఆరో నెలో ఏడో నెలో నడుస్తున్న వాళ్లుంటారు. 2008 నుంచి మన నౌకలు గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో కాపలా కాస్తూనే ఉన్నాయి. 2024 డిసెంబరు 9న ఐఎన్ఎస్ తుశీల్‌నూ, 2025 జులై 1న ఐఎన్ఎస్ తమాల్‌నూ రష్యాలోని కాలినిన్‌గ్రాడ్‌లో మన నావికులే అందుకున్నారు. ఉత్తరాంధ్ర నుంచి ఆర్మీలో చేరిన కుర్రాళ్లలో కొందరు ఐక్యరాజ్యసమితి శాంతిదళాల్లో దక్షిణ సూడాన్‌కో, కాంగోకో, లెబనాన్‌కో వెళ్తుంటారు. అక్కడ మామూలుగా ఏడాది ఉండాలి. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లే వీలుండదు.

ఆర్డర్ చేతికొచ్చాక మొదటి పది రోజులూ చాలా ఇళ్లలో ఏడుపుతో, అలకలతో, ‘ఎలాగైనా ఆపించుకో’ అనే మాటతో గడిచిపోతున్నాయి. కాగితాలు చక్కబెట్టుకోవలసిన రోజులు అవే. అందుకే ఈ ఉత్తరం.

ముందు కష్టమైన మాట చెప్పేస్తాం. ఇష్టం లేదన్నది కారణం కాదు. యూనిఫాం వేసుకున్నవాడు చట్టబద్ధమైన ఆర్డర్‌ను కాదనలేడు. సెలవు మీద వచ్చి తిరిగి వెళ్లకుండా ఉండిపోతే శిక్ష పడుతుంది, ఆ మచ్చ సర్వీసు రికార్డులో మిగిలిపోతుంది. ‘సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో కేసు వేద్దాం, ఆగిపోతుంది’ అని ఎవరైనా చెబితే నమ్మి డబ్బు కట్టకండి. 2007 నాటి ట్రిబ్యునల్ చట్టంలో సర్వీసు వ్యవహారాల నిర్వచనం నుంచి బదిలీలు, పోస్టింగులు, సెలవుల విషయాలను తీసేశారు.

మిగిలిన దారి అభ్యర్థన ఒక్కటే. కొన్ని నెలలు వాయిదా వెయ్యమనో, తర్వాతి బ్యాచ్‌లో పంపమనో, కాన్పుకు సెలవు ఖాయం చెయ్యమనో అడగొచ్చు. నేవీలో ఇది డివిజనల్ ఆఫీసర్ దగ్గర మొదలై కమాండింగ్ ఆఫీసర్ ముందు రిక్వెస్ట్‌మెన్‌కు, అంటే నావికుల అభ్యర్థనలు వినే హాజరుకు, వెళ్తుంది. నోటి మాటగా కాదు, రాతపూర్వకంగా. ‘నా భార్య గర్భిణి, దయతో పరిశీలించగలరు’ అన్న రెండు ముక్కల కాగితంతో ఎవరూ ఏమీ చెయ్యలేరు. కాన్పు ఏ తేదీన అవుతుందని డాక్టరు రాశారో అది ఉండాలి. రక్తపోటు, షుగరు, లోపల కవలలు, వెనకటి గర్భం పోవడం లాంటి ఇబ్బంది ఉంటే పేరు పెట్టి రాయాలి. ఇంట్లో తోడుండే మనిషి ఎవరు, ఎవరూ లేకపోతే ఎందుకు లేరు అన్నది రాయాలి. ఎన్నాళ్ల వాయిదా కావాలో అంకెలో చెప్పాలి. ప్రైవేటు నర్సింగ్‌హోమ్ చీటీ ఒక్కటే జతచేస్తే బలం చాలదు. ముందే విశాఖలోని నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్ఎస్ కల్యాణిలోనో, మరో సైనిక ఆసుపత్రిలోనో చూపించుకుని, ఆ కేసు షీటు జతచేస్తే ఆ అభ్యర్థనకు విలువ వేరు. ఇంత చేసినా కాదనవచ్చు. కానీ సగం దరఖాస్తులు ఆలస్యంగానో అరకొరగానో వెళ్లబట్టే వెనక్కి వస్తాయన్నది మా అభిప్రాయం.

సైనిక ఆసుపత్రిలో చూపించుకోవాలంటే భార్య పేరు భర్త రికార్డులో ఉండాలి. చిక్కు మొదలయ్యేది ఇక్కడే. పెళ్లి మాఘంలో అయిపోతుంది, సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్ట్రేషన్ ‘తీరిగ్గా చూద్దాం’ అని ఆగిపోతుంది. ఆషాఢానికి అమ్మాయి కన్నవారింటికి వెళ్తుంది, శ్రావణంలో ఆర్డర్ వస్తుంది. మ్యారేజ్ సర్టిఫికెట్ లేనిదే రికార్డులో భార్య లేదు. రికార్డులో లేనిదే డిపెండెంట్ కార్డు లేదు, క్యాంటీన్ లేదు, ఆసుపత్రి లేదు. పెళ్లయిన నెలలోనే ఈ పని అయిపోవాలి.

అక్షరాల సంగతి ఇంకో తలనొప్పి. ఆధార్‌లో ‘శ్రీనివాసరావు’ ఒకే మాటగా ఉంటుంది, సర్వీసు రికార్డులో ‘శ్రీనివాస రావు’ రెండు మాటలుగా, ఇంటిపేరు చివర్లో ఉంటుంది. మనకు అది ఒకే మనిషి, కంప్యూటరుకు ఇద్దరు. భర్త దగ్గర ఉంటే ఒక పూట పని. ఆయన దక్షిణ సూడాన్ రాజధాని జూబాలో ఉంటే ఒక అఫిడవిట్‌కు నెల పడుతుంది. బయల్దేరే ముందు భర్త సర్వీసు రికార్డులో పేరు ఉన్న పేజీని ఫొటో తీసి భార్య దగ్గర ఉంచుకోవాలి. పుట్టబోయే బిడ్డ కాగితాల్లో తండ్రి పేరు అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయించాలి.

నామినేషన్లు చూసుకోండి. ఉద్యోగంలో చేరినప్పుడు పెళ్లికాని కుర్రాడు ప్రావిడెంట్ ఫండ్‌కూ, గ్రూప్ ఇన్సూరెన్స్‌కూ అమ్మ పేరో నాన్న పేరో రాసి ఉంటాడు. పెళ్లితో అది దానంతట అదే సర్దుకుంటుందని అనుకుంటారు. బీమా సొమ్ము నామినేషన్ కాగితాన్ని బట్టి వెళ్తుంది, ఫ్యామిలీ పెన్షన్ నిబంధనలు వేరు. ఎవరికి ఎంత శాతం అన్నది అమ్మానాన్నల ముందే, భార్య ముందే కూర్చుని రాయడం మేలు. చాటుగా రాసిన కాగితం బయటపడితే రెండు కుటుంబాలు విడిపోతాయి. వీలునామా రాయడం అశుభం అంటారు పెద్దలు. తెల్ల కాగితం మీద రాసి సంతకం పెట్టి, ఇద్దరు సాక్షులతో సంతకం చేయిస్తే సరిపోతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అమంగళం అనుకోకుండా చేసేయండి.

డబ్బు విషయంలో ఇరుక్కునేది ఓటీపీ దగ్గర. బ్యాంకు, గ్యాస్, కరెంటు బిల్లు, ఆధార్ అన్నీ భర్త ఫోన్ నంబరుకే కట్టి ఉంటాయి. ఆ సిమ్ ఆయన జేబులో సముద్రం దాటుతుంది. అక్కడ సిగ్నల్ ఉండదు, ఇక్కడ పని జరగదు. పైగా ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకపోతే మూగబోయే ప్రమాదం ఉంది. భార్య పేరున, ఆమె నంబరుతో ఖాతా తెరిచి, జీతం పడ్డ మర్నాడు ఇంటి ఖర్చు అందులోకి దానంతటదే వెళ్లేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వడం అన్నిటికన్నా నయం. అమ్మానాన్నలకు పంపేది వాళ్ల ఖాతాకు విడిగా పంపాలి. అత్తగారు ఖర్చులకు కోడలిని అడగడం, కోడలు మందులకు అత్తగారిని అడగడం, రెండూ ఇంట్లో చిచ్చు పెట్టేవే. ఈ ఒక్క ఏర్పాటుతో చాలా గొడవలు పుట్టకుండానే పోతాయి.

కూర్మన్నపాలెంలోనో పెందుర్తిలోనో ఫ్లాటు బుక్ చేసుకున్నవాళ్లు ఆ ఒక్క పనికే పరిమితమైన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడే రిజిస్టర్ చేయించి వెళ్లాలి. మరిచిపోతే అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపొచ్చు, కానీ అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. కవరు బీరువాలో పెట్టి మరిచిపోయేవాళ్లున్నారు. ఊళ్లో భూమి తగాదా కోర్టులో నడుస్తుంటే, విదేశంలో ఉన్న సైనికుడు హాజరు కాలేని పరిస్థితిలో విచారణ వాయిదా వేయించేందుకు 1925 నాటి సైనికుల వ్యాజ్యాల చట్టం ఉంది. లాయరుకు గుర్తు చేయండి.

ఇక కాన్పు. మొదటి పురుడు కన్నవారింట్లోనే అన్నది మన ఆచారం. ఏడో నెల సీమంతమయ్యాక అమ్మాయి పాలకొండకో టెక్కలికో వెళ్తుంది, విశాఖలో చూసిన డాక్టరు ఇక్కడే ఉండిపోతారు. ఫైలు మొత్తం ఆమె వెంట వెళ్లాలి, అయిదో నెల స్కానింగ్ రిపోర్టుతో సహా. భర్త బ్లడ్ గ్రూపు కూడా ఆ ఫైల్లో రాసి ఉండాలి. భార్యది నెగటివ్, భర్తది పాజిటివ్ అయితే 28 వారాలప్పుడు యాంటీ డీ ఇంజెక్షన్ ఇస్తారు. పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు మళ్లీ ఇవ్వాలి. చిన్న ఊళ్లో ఆ మందు అప్పటికప్పుడు దొరక్కపోవచ్చు. ముందే తెప్పించి ఉంచమని డాక్టరుకు చెప్పాలి. తండ్రి దగ్గర లేనప్పుడు ఇది గుర్తుపెట్టుకునే మనిషి ఒకరుండాలి. పురుడయ్యాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. రాకపోతే పిలిపించుకోండి, మొహమాటం వద్దు.

జనన నమోదు గురించి ఇంకొంచెం చెప్పాలి. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు కావాలి. మన బారసాల కూడా చాలా ఇళ్లలో 21వ రోజే. తండ్రి వీడియో కాల్‌లో దొరికిన రోజున పేరు పెడదామని ఆగుతారు, పేరు లేకుండా నమోదు ఎలా అని ఆసుపత్రి కాగితం ఇంట్లోనే ఉంచేస్తారు, గడువు దాటిపోతుంది. నమోదుకు పేరు అక్కర్లేదు. పేరు ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. 21 రోజులు దాటి 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుముతో అయిపోతుంది. ఆ తర్వాత పై అధికారి అనుమతి కావాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయికి వెళ్లాలి. పైగా 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన పిల్లలకు బడికైనా పాస్‌పోర్టుకైనా జనన ధ్రువపత్రమే ఆధారం. నమోదు పుట్టిన ఊళ్లోనే జరుగుతుంది. బిడ్డ టెక్కలిలో పుడితే విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) చుట్టూ తిరిగి లాభం లేదు.

మాట్లాడుకోవడానికి కాలినిన్‌గ్రాడ్, జూబా, తూర్పు కాంగో మూడూ మనకన్నా మూడున్నర గంటలు వెనక. లెబనాన్ చలికాలంలో అంతే, వేసవిలో రెండున్నర. ఇక్కడ రాత్రి 9 అయితే జూబాలో సాయంత్రం 5.30. పాలిచ్చే తల్లికి అది అనువైన వేళేనా అని ముందే చూసుకోవాలి. రోజూ గంట మాట్లాడతానని మాట ఇచ్చి తప్పేకన్నా, వారానికి రెండు రోజులు ఖాయం చేసుకోవడం మంచిది. నౌక మీద ఉన్నవారి సంగతి వేరు. 2019 చివర్లో నేవీ స్థావరాల్లో, నౌకల్లో స్మార్ట్‌ఫోన్లు నిషేధించారు, పది రోజులు కబురే రాకపోవచ్చు. ఫోన్ రాకపోతే ఏదో జరిగిందని కాదు. ఈ ముక్క పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. నౌక ఫలానా రేవులో ఉందని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు.

కాన్పయిన తర్వాత రెండు వారాలు దాటినా తల్లి ఏడుస్తూనే ఉంటే, నిద్ర పట్టకపోతే, బిడ్డను చూడబుద్ధి కావడం లేదంటే దిష్టి అనో, మొగుడి మీద బెంగ అనో తీసెయ్యకండి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. 2023 డిసెంబరు నుంచి సాయుధ దళాల కుటుంబాల కోసం ఇందులో ప్రత్యేక విభాగం కూడా పెట్టారు.

తిరిగి వచ్చాక రెండు సంగతులు. ఆఫ్రికా నుంచి వచ్చినవారు మలేరియా రాకుండా వేసుకునే డాక్సీసైక్లిన్ లాంటి మందును ఇంటికొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. ఇంటికి చేరాం కదా అని మానేస్తారు. ఆ తర్వాత జ్వరం వస్తే ఫలానా దేశంలో ఉండి వచ్చానని డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి. ఇక బిడ్డ. ఎనిమిది తొమ్మిది నెలల పసివాళ్లు కొత్త ముఖం చూస్తే ఏడుస్తారు, తండ్రి ముఖమైనా సరే. లాక్కుని ఎత్తుకోకండి. తల్లి ఒళ్లో ఉండగానే పక్కన కూర్చుని ఆడించండి, స్నానం దగ్గరా అన్నం దగ్గరా రోజూ ఉండండి. కొద్ది రోజుల్లో బిడ్డే చేతులు చాస్తుంది.

అధికారులకు మా విన్నపాలు మూడు. కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు కాన్పయిన ఆరు నెలల్లోపు వాడుకోకపోతే పోతుంది. ఏడాది విదేశంలో ఉండే సైనికుడికి ఇదే గడువు వర్తిస్తే ఆ సెలవు ఉండీ లేనట్టే. ఆయన తిరిగి వచ్చిన రోజు నుంచి లెక్క మొదలు కావాలి. 2023 నవంబరులో మహిళా సైనికులకు అధికారిణులతో సమానంగా 360 రోజుల శిశు సంరక్షణ సెలవుకు ఆమోదం తెలిపిన రక్షణ శాఖకు ఇది పెద్ద పని కాదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం, నేవీ, సబ్ రిజిస్ట్రార్, బ్యాంకు ప్రతినిధులు నెలకో శనివారం ఒకచోట కూర్చుంటే వివాహ నమోదు, నామినేషన్, ఖాతా, పవర్ ఆఫ్ అటార్నీ నాలుగూ ఒక పూటలో అయిపోతాయి. మూడోది, ఈ కాగితాల జాబితా తెలుగులో ఒకే పేజీ మీద అచ్చు వేయించి, ఆర్డర్ ఇచ్చిన రోజునే భార్యకు పోస్టు చేయండి. క్వార్టర్ చిరునామాకు కాకుండా, ఆమె కన్నవారింటి చిరునామాకు పంపండి.

ఇట్లు,
కొందరు మాజీ నావికులు, వారి ఇళ్ల ఆడవాళ్లు,
మల్కాపురం, విశాఖపట్నం