ప్రశ్నను ఎంచుకునే పని పరిశోధకుడికే వదలాలి

సంపాదకులకు నమస్కారాలు.

పరిశోధన, అభివృద్ధి, నవకల్పనల కోసం కేంద్ర మంత్రివర్గం 2025 జూలైలో ఆమోదించిన లక్ష కోట్ల రూపాయల పథకాన్ని స్వాగతిస్తూ మీరు రాసిన సంపాదకీయం శ్రద్ధగా చదివాను. ఆ స్వాగతంతో నాకు పేచీ లేదు. అయితే ఈ ఒక్క పథకంతో మన శాస్త్రవేత్తల నిధుల కష్టాలు తీరిపోతాయన్న భావం పాఠకుల్లో మిగిలితే అది పొరపాటవుతుందని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను శాస్త్రవేత్తను కాను. చెన్నైలోని ఒక పరిశోధన సంస్థ అకౌంట్స్ విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరయ్యాను. గ్రాంటు ఎప్పుడు వస్తుంది, ఎలా వస్తుంది, రాకపోతే ఏమవుతుంది అన్నవి రోజూ చూసినవాణ్ణి.

ఆ లక్ష కోట్లు పరిశోధకులకు ఇచ్చే గ్రాంటు కాదు. ముఖ్యంగా ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక రుణాల రూపంలో అందే సొమ్ము. ఒక సాంకేతిక పరిజ్ఞానం వాడకానికి ఎంత సిద్ధంగా ఉందో తొమ్మిది మెట్లుగా లెక్కగట్టే పద్ధతి ఒకటి ఉంది. అందులో నాలుగో మెట్టుకు చేరిన ప్రాజెక్టులకే ఇది వర్తిస్తుంది. ప్రయోగశాలలో పనిచేస్తుందని తేలినదాన్ని మార్కెట్టు దాకా నడిపించడం దీని ఉద్దేశం. మంచిదే. కానీ మొదటి మెట్టుకూ ముందు ఒక పని ఉంటుంది. అక్కడ ప్రశ్నను పైవాళ్లెవరూ పురమాయించరు, పరిశోధకుడే ఎంచుకుంటాడు. జవాబు దొరుకుతుందో లేదో, దొరికినా దేనికి పనికొస్తుందో అతనికీ తెలియదు. ఆ పనికి డబ్బు పెట్టగలిగేది ఎక్కడైనా ప్రధానంగా ప్రభుత్వమే.

చెన్నై నుంగంబాక్కంలోని వాతావరణ కేంద్రం ఆవరణలో ఒక రాతి స్తంభం ఉంది. 1792 నాటి మద్రాసు ఖగోళ పరిశీలనశాలలో మిగిలిన ఆనవాలు అది. దాని మీద చెక్కిన అక్షరాల్లో తెలుగు కూడా ఉంది. ఆ పరిశీలనశాలలో పనిచేసిన నార్మన్ పోగ్సన్ 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి మచిలీపట్నం వెళ్లాడు. అదే రోజు ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో తన పరికరాలతో సిద్ధంగా ఉన్నాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగును విడదీసి చూసినప్పుడు ఒక పసుపు గీత కనిపించింది. సోడియం గీతలు ఉండే చోటికి దగ్గరగానే ఉంది కానీ సరిగ్గా ఆ చోట లేదు. ఆ తర్వాత ఇంగ్లండులో లాకియర్ దాన్ని పరిశీలించి, అది భూమ్మీద తెలియని మూలకానిదని భావించి హీలియం అన్న పేరు పెట్టాడు. 1895లో విలియం రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజంలో ఆ మూలకాన్ని పట్టుకునేదాకా అది సూర్యుడిలో మాత్రమే ఉన్న పదార్థం. 1908లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఆన్స్ దాన్ని ద్రవంగా మార్చాడు. ఆ చలిలో లోహాలను పరీక్షిస్తూ 1911లో అతివాహకత్వాన్ని, అంటే విద్యుత్తు ఏ నిరోధమూ లేకుండా ప్రవహించే గుణాన్ని, కనిపెట్టాడు. ఇప్పుడు గుంటూరులో ఎమ్మారై స్కాను తీయించుకునే రోగి ఏ యంత్రంలో పడుకుంటాడో, ఆ యంత్రంలోని అతివాహక అయస్కాంతాన్ని చల్లబరిచేది ఆ హీలియమే. గ్రహణం చూడడానికి సముద్రాలు దాటి వచ్చిన మనిషికి ఖర్చు ఇచ్చేముందు, దీనివల్ల వైద్యానికి ఏం ఉపయోగమని ఎవరైనా అడిగి ఉంటే అతని దగ్గర జవాబు ఉండేది కాదు.

ఇది పాత కథ, పరాయి పాలనలో జరిగిన కథ అనుకునేవారికి మన ఊళ్లోనే ఇంకొకటి ఉంది. 1952లో ముప్పై ఏళ్లు నిండని జి.ఎన్. రామచంద్రన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగాన్ని నడిపే బాధ్యత తీసుకున్నారు. మన చర్మంలో, ఎముకల్లో, స్నాయువుల్లో ఉండే కొల్లాజెన్ అన్న ప్రొటీను నిర్మాణం ఎలా ఉంటుందన్నది ఆయన ఎంచుకున్న ప్రశ్న. నమూనాలు పక్కనే ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థలో దొరికాయి. మూడు గొలుసులు పెనవేసుకున్న ఆకృతిని ఆయన, గోపీనాథ్ కర్తా కలిసి 1954లో ప్రకటించారు. ప్రొటీను గొలుసు ఏయే కోణాల్లో వంగగలదో చూపే రామచంద్రన్ పటం 1963లో వచ్చింది. ప్రపంచంలో ఏ మూల ఎవరు కొత్త ప్రొటీను నిర్మాణాన్ని ప్రకటించినా ఈనాటికీ ఆ పటంతో సరిచూసుకోవలసిందే. ఇక్కడ నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. తోలు సంస్థ పెట్టింది పరిశ్రమ అవసరాల కోసం. తర్వాతి కాలంలో మన యలవర్తి నాయుడమ్మ గారు దాన్ని ఆ దారిలోనే ఎంతో ఎత్తుకు తీసుకెళ్లారు. పక్కనున్న విభాగంలో ఒక యువకుడు ఎవరూ అడగని ప్రశ్నతో కూర్చున్నాడు. రెండూ ప్రజల సొమ్ముతోనే నడిచాయి, ఒకదానికొకటి అక్కరకొచ్చాయి. లక్ష్యం పెట్టి చేయించే పరిశోధన వద్దని నేను అనడం లేదు. దాని పక్కన రెండోదానికి చోటు లేకుండా చేయొద్దని అంటున్నాను.

పేద దేశంలో ఎవరికి తోచిన ప్రశ్నకు వారికి ప్రజాధనం ఇవ్వడం న్యాయమా అన్న సందేహం మర్యాదగా జవాబు చెప్పవలసిన సందేహమే. ప్రశ్న పరిశోధకుడిదన్నంత మాత్రాన పరీక్ష ఉండదని కాదు. 2007లో ఏర్పడిన యూరోపియన్ పరిశోధన మండలి ముందుగా అంశాలేవీ ప్రకటించదు. ఏ రంగంవారైనా తమ ప్రశ్నతో రావచ్చు. ఆ ప్రశ్నలో సత్తా ఎంత, దాన్ని తేల్చే శక్తి ఆ మనిషికి ఉందా అన్న రెండు విషయాలను ఆ రంగంలోని నిపుణులు వడకడతారు. దరఖాస్తుల్లో చాలా భాగం తిరిగిపోతాయి. నెగ్గినవారిలో కొత్తగా మొదలుపెట్టేవారికి ఐదేళ్లకు 15 లక్షల యూరోల దాకా ఇస్తారు. 2021 నుంచి 2027 వరకు ఆ మండలికి కేటాయించినది 1,600 కోట్ల యూరోలకు పైనే. అంత డబ్బు మన దగ్గర లేకపోవచ్చు. ఆ పద్ధతి తెచ్చుకోవడానికి మాత్రం డబ్బు అక్కర్లేదు.

మన లెక్కలు చూద్దాం. ప్రభుత్వం ప్రకటించిన అంకెల ప్రకారం 2020-21లో దేశం మొత్తం పరిశోధన మీద పెట్టిన ఖర్చు సుమారు 1,27,381 కోట్ల రూపాయలు, స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. దక్షిణ కొరియా, ఇజ్రాయెల్ నాలుగు శాతానికి పైగా ఖర్చు చేస్తున్నాయి. పరిశోధకులకు గ్రాంట్లిచ్చేందుకు 2008 నాటి చట్టంతో ఏర్పడిన సెర్బ్ (విజ్ఞాన, ఇంజనీరింగ్ పరిశోధన మండలి) స్థానంలో 2023 చట్టం అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థను తెచ్చింది. ఐదేళ్లలో 50,000 కోట్లన్నారు. అందులో ప్రభుత్వం ఇచ్చేది 14,000 కోట్లు. మిగిలిన 36,000 కోట్లు పరిశ్రమలు, దాతలు, ఇతర వనరుల నుంచి రావాలి. లెక్కలు చూసే అలవాటున్నవాడిగా నా కన్ను ఆ రెండో అంకె మీదే ఆగుతుంది. డబ్బిచ్చే కంపెనీ తనకు కావలసిన అంశం చెప్పే ఇస్తుంది, అది సహజం, అందులో తప్పు లేదు. అలాంటప్పుడు ఎవరూ అంశం చెప్పని పరిశోధన మొత్తం ఆ 14,000 కోట్ల మీదే ఆధారపడుతుంది. అందులోనూ విద్యుత్ వాహనాల వంటి మిషన్లకు వాటా పోతుంది. మిగిలేది ఎంతో చట్టంలో ఎక్కడా నిర్ణయించలేదు. అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ గ్రాంటు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారికిచ్చే ప్రధానమంత్రి గ్రాంటు వంటివి మంచి పథకాలు. కానీ పథకం అనేది ఏ సంవత్సరమైనా చిన్నదైపోవచ్చు.

మొత్తం కంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది డబ్బు వచ్చే వేళ. దీని గురించి నేను కళ్లారా చూసింది చెప్పాలి, మా సంస్థ పేరు అవసరం లేదు. పులికాట్ సరస్సు అంచున నీళ్లు ఇంకిపోయి ఉప్పు పేరుకునే నేలల్లో బతికే బాక్టీరియా మీద ఒక శాస్త్రవేత్త పనిచేసేవారు. వానలకు ఉప్పు కరిగిపోతుంది, మేనెలకు మళ్లీ గడ్డకడుతుంది. ఇంత తేడాను ఆ జీవులు ఎలా తట్టుకుంటాయన్నది ఆమె ప్రశ్న. మొదటిసారి పంపిన ప్రతిపాదన ప్రయోజనం స్పష్టంగా లేదన్న వ్యాఖ్యతో తిరిగొచ్చింది, రెండోసారి ఆమోదం పొందింది. ఆమెకు నమూనాలు డిసెంబరులో ఒకసారి, మేలో ఒకసారి కావాలి. మొదటి సంవత్సరం విడత మార్చి రెండో వారంలో మా ఖాతాకు చేరింది. మార్చి 31 దాటితే మిగిలిన సొమ్ము చేతిలో ఉండదు. ఫ్రీజరులో ఉంచవలసిన రియేజెంట్లను, అంటే పరీక్షలకు వాడే రసాయనాలను, అవసరానికి ముందే తెప్పించమని నేనే ఆమెకు చెప్పాను, లేకపోతే ఆ డబ్బు పోతుంది. సగం గడువు తీరి పారబోశారు. ఏప్రిల్‌లో యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రం, పంపితే, ఒక పద్దు కింద చూపిన ఖర్చు గురించి వివరణ అడుగుతూ ఆగస్టులో జాబు వచ్చింది. రెండో విడత వచ్చేసరికి రెండు మేనెలలు గడిచిపోయాయి. మూడేళ్ల ప్రాజెక్టులో రెండు ఎండాకాలాల నమూనాలు లేకపోతే ఆ పని ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ప్రాజెక్టులో పనిచేసిన కుర్రవాడు పలాస వైపు నుంచి వచ్చాడు. ఏడు నెలలు ఫెలోషిప్పు అందలేదు. నెలనెలా మా కౌంటరు దగ్గరికి వచ్చి "సార్, ఈ నెలైనా వస్తుందా?" అని అడిగేవాడు. రాలేదని చెప్పడం నా ఉద్యోగం. నాకు ఆ గొంతు ఇంకా గుర్తుంది. జూనియర్ ఫెలోషిప్పును 2023లో 31,000 నుంచి 37,000 రూపాయలకు పెంచినప్పుడు నేను నిజంగా సంతోషించాను. పెంచిన మొత్తం ఒకటో తారీఖున చేతికి అందితే ఆ సంతోషం ఆ పిల్లలకూ మిగులుతుంది. అతను ఇంటి అప్పు తీర్చడానికి పరిశోధన వదిలి ఒక మందుల కంపెనీలో చేరాడు.

ఉప్పు నేలల బాక్టీరియా వల్ల ఉపయోగమేమిటని రాసిన ఆ నిపుణుడిని నేను తప్పుపట్టను, ఫారంలో ఆ గడి ఉంది కాబట్టి ఆయన నింపారు. కానీ స్పెయిన్‌లోని ఉప్పు మళ్లలో బతికే సూక్ష్మజీవుల మీద పనిచేసిన ఫ్రాన్సిస్కో మోహికాకు 1990లలో వాటి డీఎన్‌ఏలో పదేపదే వచ్చే వింత వరుసలు కనిపించాయి. అవి వైరస్‌లను గుర్తుపెట్టుకునే రక్షణ ఏర్పాటని ఆయన గ్రహించేసరికి పదేళ్లకు పైనే పట్టింది. ఆ దారిలోనే ముందుకు సాగిన ఇతరుల పని జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతి అయింది. సికిల్ సెల్ వ్యాధికి దానితో తయారైన చికిత్సను 2023 నవంబరులో బ్రిటన్ ఆమోదించింది. మన ఏజెన్సీ ప్రాంతాల్లో ఆ వ్యాధితో బాధపడే పిల్లలున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. పులికాట్ నుంచి అంతటిది వచ్చేదని నేను అనను. ఏం వచ్చేదో తెలుసుకునే అవకాశం మాత్రం పోయింది.

కొన్ని విషయాల్లో మార్పు వచ్చింది, దాన్ని ఒప్పుకోవాలి. శాస్త్రీయ పరికరాల కొనుగోలు నిబంధనలను 2025 జూన్‌లో ఆర్థిక శాఖ సడలించింది. కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి రెండు లక్షలకు, కొనుగోలు కమిటీ ద్వారా కొనేది పది లక్షల నుంచి ఇరవై ఐదు లక్షలకు పెరిగింది. ప్రభుత్వ సంస్థల ఆన్‌లైన్ కొనుగోళ్ల జెమ్ పోర్టల్లో దొరకని పరికరం కోసం నెలల తరబడి మినహాయింపు పత్రాలు తిప్పిన మాబోటివారికి దీని విలువ బాగా తెలుసు. ఈ ఒక్క ఉత్తర్వు ఎంతో సమయం మిగులుస్తుంది.

ఇదే చేత్తో చేయవలసినవి ఇంకా ఉన్నాయి. అనుసంధాన్ సంస్థకు ప్రభుత్వమిచ్చే సొమ్ములో కనీసం సగం అంశం నిర్దేశించని గ్రాంట్లకే వెళ్లాలని నిబంధనల్లోనే రాయాలి. సగం అన్నది నా అభిప్రాయం, నిపుణులు వేరే అంకె చెప్పవచ్చు, కానీ ఏదో ఒక అంకె ఉండాలి. గ్రాంటు కాలం మూడేళ్లే ఉన్నచోట ఐదేళ్లకు పెంచి, మార్చి 31కి మిగిలిన డబ్బును ప్రాజెక్టు ముగిసేదాకా వాడుకోనివ్వాలి. సర్టిఫికెట్ మీద సందేహముంటే సందేహమున్న మొత్తాన్ని మాత్రమే ఆపి, తక్కినది, ముఖ్యంగా ఫెలోషిప్పులు, ఆగకుండా పంపాలి. ఒక కుర్రవాడి జీతానికీ ఒక రియేజెంటు బిల్లుకూ ఒకే తాళం వేయడం నాకు ఏ రోజూ అర్థం కాలేదు. ఐఐటీలు, పెద్ద సంస్థల కంటే ఈ ఆలస్యం ఎక్కువగా తగిలేది రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, జిల్లా కాలేజీల్లో పనిచేసేవారికి. పెద్ద సంస్థ తన నిధి నుంచి నాలుగు నెలలు సర్దగలదు, కాలేజీ సర్దలేదు.

మీ ఢిల్లీ విలేకరులకు నాదొక విన్నపం. వచ్చే పార్లమెంటు సమావేశాల్లో అనుసంధాన్ సంస్థ గురించి ఏ సభ్యుడైనా ప్రశ్న వేస్తే, లేదా మీరే సమాచార హక్కు కింద అడిగితే, రెండు సంగతులు రాబట్టి ప్రచురించండి. ఇప్పటిదాకా విడుదలైన సొమ్ములో పరిశోధకులు తామే అంశం ఎంచుకున్న ప్రాజెక్టులకు వెళ్లింది ఎంత? యుటిలైజేషన్ సర్టిఫికెట్ అందిన రోజు నుంచి తర్వాతి విడత సంస్థ ఖాతాలో పడేదాకా సగటున ఎన్ని రోజులు పడుతోంది?

ఇట్లు,
రిటైర్డ్ అకౌంట్స్ ఆఫీసరు,
అడయారు, చెన్నై